పాత బ్రిటిష్ పోలీసు టోపీ అసలుదో కాదో తేల్చుకోవడం ఎలా?

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌కి వచ్చిన రెండో ఏడు, ఒక ఆదివారం పొద్దున్నే కార్ బూట్ సేల్‌లో, అంటే జనం తమ పాత సామాన్లు కారు డిక్కీలో తెచ్చి అమ్మే సంతలో, పోలీసు టోపీ ఒకటి కొన్నాను. నల్లటి ఊలు బట్ట, నుదుటి మీదికి వచ్చే నిగనిగలాడే పీక్, ముందు రెడింగ్ బరో పోలీసు బ్యాడ్జి, దాని మీద రాజుగారి కిరీటం. రెడింగ్ బరో, అంటే రెడింగ్ పట్టణపు సొంత పోలీసు బలగం, 1968 ఏప్రిల్ 1న థేమ్స్ వ్యాలీ పోలీసు బలగంలో కలిసిపోయింది. రాజు కిరీటం ఉందంటే ఎలిజబెత్ రాణి కాలానికి ముందుదన్నమాట. మా ఊరి టోపీ, అంత పాతది, అరవై పౌండ్లకే దొరికిందని గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను. టీ తాగుతూ తీరిగ్గా బోర్లించి చూస్తే లోపలి లేబుల్ మీద తయారీదారు చిరునామా, ఆ చివర్న పోస్ట్‌కోడ్ కనిపించాయి. బ్రిటన్‌లో ఇప్పుడు వాడే తరహా పోస్ట్‌కోడ్ 1966లో క్రాయ్‌డన్‌తో మొదలై, 1974కి గానీ దేశమంతా చేరలేదు. బ్యాడ్జి 1953కి ఇవతల ఉండకూడదు, టోపీ 1966కి అవతల ఉండకూడదు. రెండూ ఒకే తల మీద ఎలా ఉన్నాయి?

ఆ రోజు తెలిసిందేమిటంటే, టోపీలో అన్నిటికంటే సులువుగా మార్చగలిగేది బ్యాడ్జి. కొనేవాళ్ళు అందరూ మొదట చూసేదీ అదే. అమ్మేవాడికి ఇంతకంటే ఏం కావాలి? అందుకే నేనిప్పుడు పూర్తిగా తిరగేసి చూస్తాను. లోపలి నుంచి మొదలుపెట్టి బ్యాడ్జిని చివరికి ఉంచుతాను. పెళ్ళి సంబంధంలో జాతకాలు చూసినట్టు, ప్రతి భాగం ఏ కాలానిదో విడివిడిగా రాసుకుని, అవి ఒకదానితో ఒకటి కలుస్తాయో లేదో చూడటమే అసలు పని. బ్రిటిష్ టోపీలనే తీసుకోవడానికి కారణం ఉంది. అక్కడ కిరీటాలు, బలగాల పేర్లు, ఫోన్ కోడ్‌లు అన్నీ ఎప్పుడు మారాయో తేదీలతో సహా తెలుసు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం, చిన్న అయస్కాంతం, 365 నానోమీటర్ల యూవీ టార్చి, దర్జీ టేపు, ఫోన్ కెమెరా, ఒక నోటుబుక్కు. చేతికి పల్చటి గ్లోవ్స్ వేసుకోండి. పాత టోపీలను పురుగు పట్టకుండా ఏ మందులు చల్లి దాచారో మనకు తెలియదు. ముట్టుకునే ముందే అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఇంకో మాట: బ్యాడ్జి ఇత్తడిదని కనిపించగానే చింతపండో పీతాంబరి పొడో తెచ్చి తోమకండి. దేవుడి గదిలో ఇత్తడి కుందులకు అది బాగానే ఉంటుంది. ఇక్కడ మాత్రం ఆ మురికీ చిలుమే మన సాక్ష్యం.

1. టోపీని బోర్లించి లేబుల్ చదవండి

లోపల పైభాగాన, చాలాసార్లు పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క కింద, తయారీదారు పేరు ఉంటుంది. కొన్నిటిలో అది లోపల తలకు ఆనే చెమట పట్టీ మీద బంగారు రంగు అక్షరాలతో అచ్చు వేసి ఉంటుంది. పేరు కంటే దాని చుట్టూ ఉన్న చిల్లర వివరాలే ఎక్కువ చెబుతాయి.

చిరునామాలో పోస్ట్‌కోడ్ ఉంటే ఏమిటో పైన చెప్పాను. పాత లండన్ చిరునామాల్లో ఎస్.ఇ. 1, డబ్ల్యు. 1 లాంటివి కనిపిస్తాయి. అవి అంతకు చాలా ముందు నుంచీ ఉన్న జిల్లా సంఖ్యలు, వాటిని చూసి కంగారు పడొద్దు. వాటి వెనక ఇంకో అంకె, రెండక్షరాలు కూడా చేరితేనే కొత్త పద్ధతి.

ఫోన్ నంబరు ఉంటే ఇంకా మంచిది. పాత రోజుల్లో లండన్ నంబర్ల ముందు ఎక్స్ఛేంజి పేరు ఉండేది. లండన్ పోలీసుల ప్రధాన కార్యాలయం స్కాట్లాండ్ యార్డ్ నంబరు వైట్‌హాల్ 1212 అని పాత తరం వాళ్ళకు నోటికొచ్చు. తర్వాత అంతా అంకెలైంది, లండన్ కోడ్ 01 అయింది. 1990 మే 6న అది 071, 081గా విడిపోయింది. 1995లో 0171, 0181 వచ్చాయి, 2000లో 020 వచ్చింది. లేబుల్ మీద 0171 ఉన్న టోపీని 'డెబ్బైల నాటిది' అని అమ్ముతుంటే మాట్లాడకుండా వచ్చేయండి.

బట్టలు ఉతికే గుర్తులు, సీఈ గుర్తు, 'పాలియెస్టర్ 55 శాతం' లాంటి మాటలు కూడా కాలం చెప్పేవే. యూరప్ ప్రమాణాలకు తగ్గట్టుందని వేసే సీఈ గుర్తు 1990ల సంగతి. సైజు చూడండి. పాత బ్రిటిష్ టోపీల్లో 6⅞, 7, 7⅛ అని ఉంటుంది. 7 అంటే సుమారు 57 సెంటీమీటర్లు. సెంటీమీటర్లలో మాత్రమే రాసి ఉంటే అది కాస్త కొత్త టోపీ అని అనుమానించవచ్చు.

లేబుల్ అసలే లేకపోతే? అది ఊడిపోయిందా, ఊడదీశారా అన్నది చూడాలి. ఊడిపోయిన చోట జిగురు మరక, రంగు తేడా ఉంటాయి. కత్తిరించిన చోట దారపు కొసలు తిన్నగా, ఒకే పొడవున మిగులుతాయి. నాటక కంపెనీలకు, సినిమాలకు టోపీలు అద్దెకిచ్చేవాళ్ళ లేబుళ్ళను పీకేసి అమ్మడం మామూలే. అద్దె టోపీ ఉండటం తప్పు కాదు, దాన్ని డ్యూటీ టోపీ అని చెప్పడమే తప్పు.

2. బట్ట, దారం, అస్తరు

పాత టోపీ పైబట్ట సర్జి అనే గట్టి ఊలు నేత. భూతద్దంలో పోగులు నూగుగా, కాస్త ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి. పాలియెస్టర్ కలిపిన బట్టలో పోగులు సమంగా, గాజు దారంలా మెరుస్తూ ఉంటాయి. పాలియెస్టర్‌ను 1941లో ఇంగ్లండ్‌లోనే కనిపెట్టారు గానీ టెరిలీన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది యుద్ధం తర్వాతే, అదీ 1950లలో. కాబట్టి ఆరో జార్జి కాలపు టోపీకి పాలియెస్టర్ దారంతో కుట్లుంటే, ఒకటే కుట్టయితే రిపేరు అనుకోవచ్చు, మొత్తం కుట్టంతా అదే అయితే టోపీ కొత్తదే. వెల్క్రో ఎక్కడైనా తగిలిందా, ఇక చెప్పక్కర్లేదు.

దారం ఏమిటో తేల్చుకోవడానికి కొందరు పోగు కాల్చి చూస్తారు. ఊలు కాలితే జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. లోపలి కుట్టులో వదులుగా వేలాడే పోగు దొరికితేనే ఈ పని చేయండి, అమ్మేవాడి టేబుల్ దగ్గర మాత్రం వద్దు.

యూవీ టార్చి సంగతి. చీకటి గదిలో వేసి చూస్తే కొత్త తెల్ల దారాలు, కొత్త లేబుళ్ళు నీలంగా వెలిగిపోతాయి. బట్టలు మెరిపించే రసాయనాలు సబ్బుపొడుల్లో, బట్టల్లో యుద్ధం తర్వాతే వ్యాపించాయి. కానీ ఈ పరీక్షను గుడ్డిగా నమ్మొద్దు. 1935 నాటి టోపీ పట్టీని ఎవరో ఇల్లాలు 1980లో సర్ఫ్ లాంటి దానితో కడిగి ఉంటే అదీ వెలుగుతుంది. వెలగకపోతే ఊరట, వెలిగితే ఒక ప్రశ్న, అంతే. ఒక్క కుట్టు దారం మాత్రమే వెలిగి చుట్టూ ఉన్న బట్ట వెలగకపోతే మాత్రం అక్కడ ఎవరో ఈమధ్యే చెయ్యి పెట్టారని అర్థం.

3. వాడకం ఆనవాళ్ళు

నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇది. ఒక మనిషి రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏళ్ళ తరబడి వానలో, ఎండలో పెట్టుకున్న టోపీ ఎలా అరుగుతుందో మీ ఇంట్లో పాత హెల్మెట్టు చూసినా తెలుస్తుంది. చెమట పట్టీ నుదురు తగిలే చోట ఎక్కువ నల్లబడుతుంది, వెనక తక్కువ. తోలు మీద ఉప్పు తేరి సన్నటి తెల్ల గీతలు వస్తాయి. టోపీ తీసేటప్పుడు వేళ్ళు పీక్ మీద ఒకే చోట పడతాయి కాబట్టి ఆ మూల మెరుపు తగ్గుతుంది. గడ్డం పట్టీ బకిల్ దగ్గర పాత మడత ఒకటి గట్టిపడి ఉంటుంది.

నకిలీ అరుగుదల దీనికి పూర్తిగా వ్యతిరేకం. అంతటా సమానంగా ఉంటుంది. గరుకు కాగితం పెట్టి రుద్దితే భూతద్దంలో గీతలన్నీ ఒకే దిశలో కనిపిస్తాయి. టీ డికాక్షన్‌లో ముంచిన అస్తరుకు మరక అంచులు ముదురుగా ఉంటాయి, మడతల లోపల కూడా రంగు దిగి ఉంటుంది. అసలు మురికి మడతల లోపలికి అంతగా పోదు. వాసన చూడండి, సిగ్గు పడొద్దు. పాత ఊలు, తోలు, కలరా ఉండల వాసన ఒకలా ఉంటుంది. కొత్త జిగురు, బూట్ పాలిష్ వాసన ఇంకోలా ఉంటుంది.

పాత పీక్ అయితే తోలు మీద నల్ల లక్క పూతతో ఉంటుంది. ఆ పూత కాలం గడిచేకొద్దీ సన్నగా పగుళ్ళిస్తుంది, ఎండిన చెరువు మట్టిలాగా. తర్వాతి ప్లాస్టిక్ పీక్‌లో ఆ పగుళ్ళు రావు, వంచితే తెల్లటి గీత పడుతుంది. పీక్ మీది అలంకారం కూడా చూసుకోండి. కానిస్టేబుల్, సార్జెంట్‌లకు సాదా పీక్. ఇన్‌స్పెక్టర్లకు నల్లటి ఉబ్బెత్తు అంచు, సూపరింటెండెంట్లకు వెండి రంగు పట్టీ, ఆ పైవాళ్ళకు వెండి రంగు ఓక్ ఆకులు. వెండి ఆకుల పీక్ ఉన్న టోపీకి లోపల నాసిరకం అస్తరు ఉంటే అనుమానించాల్సిందే, పెద్దాఫీసర్లు అలాంటివి పెట్టుకోరు.

4. గళ్ళ పట్టీ

బ్రిటిష్ పోలీసు అనగానే కళ్ళ ముందు మెదిలే నలుపు తెలుపు గళ్ళ పట్టీని మొదలుపెట్టింది లండన్ కాదు, గ్లాస్గో. అక్కడి చీఫ్ కానిస్టేబుల్ పెర్సీ సిల్లిటో 1932లో తన వాళ్ళ టోపీలకు దాన్ని పెట్టించాడు. స్కాట్లాండ్ సైనికుల టోపీల మీది గళ్ళ పట్టీ దానికి మూలం. ఆయన పేరు మీదే దాన్ని సిల్లిటో టార్టన్ అంటారు. తర్వాత ఆయన బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ5కి అధిపతి కూడా అయ్యాడు. ఈ పట్టీ స్కాట్లాండ్ దాటి ఇంగ్లండ్ బలగాల్లో పాకడానికి దశాబ్దాలు పట్టింది. కాబట్టి ఇంగ్లండ్‌లోని ఏదో చిన్న పట్టణం బ్యాడ్జి, రాజు కిరీటం, చుట్టూ గళ్ళ పట్టీ, ఈ మూడూ కలిసి కనిపిస్తే పట్టీని కొత్తగా చుట్టారేమో చూడండి. పట్టీ అంచు ఎత్తి చూస్తే, కింద బట్ట వెలిసి చుట్టుపక్కల రంగుతోనే ఉంటే అది తర్వాత వేసిన పట్టీ. మొదటి నుంచీ ఉన్న పట్టీ కింద బట్ట ముదురుగా, కొత్తగా ఉంటుంది. లండన్ నడిబొడ్డున ఉన్న పాత నగర భాగానికి విడిగా ఉండే లండన్ సిటీ పోలీసులకు మాత్రం గళ్ళు ఎరుపు తెలుపు, అది నకిలీ అనుకుని వదిలేయకండి.

5. ఇప్పుడు బ్యాడ్జి: ముందు దాని వెనక బట్ట

బ్యాడ్జిని ఊడదీసే వీలుంటే జాగ్రత్తగా తీయండి. చాలావాటికి వెనక రెండు కొక్కేలుంటాయి, బట్టలోని చిల్లుల్లోంచి లోపలికి వచ్చి, అడ్డంగా ఒక పిన్ను వాటిని పట్టి ఉంచుతుంది. తీశాక బ్యాడ్జిని పక్కన పెట్టి, మొదట ఆ బట్టను చూడండి.

ఎండకు బట్ట వెలిసేటప్పుడు బ్యాడ్జి కింద మాత్రం వెలవదు. గోడ మీద పటం తీసేస్తే మిగిలే ముద్రలాగా బ్యాడ్జి ఆకారం అక్కడ ముదురు రంగులో ఉండిపోతుంది. ఆ నీడ ఆకారమూ, మీ చేతిలోని బ్యాడ్జి ఆకారమూ ఒకటేనా? నీడ నక్షత్రంలా ఉండి, బ్యాడ్జి గుండ్రంగా ఉంటే ఆ రెండూ కొత్తగా కలిశాయి. చిల్లులు లెక్కపెట్టండి. రెండు కొక్కేలకు నాలుగు చిల్లులుంటే ఇంకో బ్యాడ్జి అక్కడ కాపురం చేసి వెళ్ళిందన్నమాట. పాత చిల్లుల చుట్టూ బట్ట నలిగి, లోహపు చిలుము పచ్చగా అంటుకుని ఉంటుంది. కొత్త చిల్లు శుభ్రంగా, సూదితో పొడిచినట్టు ఉంటుంది.

ఇలా కలిపిన టోపీలను అక్కడ పాత వస్తువులు సేకరించేవాళ్ళు 'మ్యారీడ్' (పెళ్ళయినవి) అంటారు. మనం జాతకాలు కలవని పెళ్ళి అనుకోవచ్చు.

6. కిరీటం చదవడం

కిరీటం పైభాగాన వంపులు గుమ్మటంలా గుండ్రంగా పైకి లేస్తే అది ట్యూడర్ కిరీటం, బజారు భాషలో రాజు కిరీటం. ఏడో ఎడ్వర్డు 1901లో గద్దెనెక్కాక ఇది స్థిరపడి, ఐదో, ఆరో జార్జిల కాలమంతా సాగింది. వంపులు పైకి లేచి నడుమ కిందికి కుంగితే అది సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం, అంటే ఎలిజబెత్ రాణిది. ఆమె పట్టాభిషేకం 1953లో.

ఇక్కడ మూడు మెలికలున్నాయి. మొదటిది, కిరీటం ఆ ఏడాదే అందరికీ మారలేదు. స్టాకులో ఉన్నవి అయిపోయేదాకా పాత బ్యాడ్జీలే ఇచ్చినవాళ్ళున్నారు. పాత టోపీకి కొత్త బ్యాడ్జి పెట్టి డ్యూటీ చేయించినవాళ్ళూ ఉన్నారు. కాబట్టి 1949 నాటి టోపీకి రాణి కిరీటం ఉంటే అది మోసం కాదు, చరిత్రే. తిరగేసి, 1970ల టోపీకి రాజు కిరీటం ఉంటే దానికి అలాంటి సాకు లేదు. రెండోది, మూడో చార్లెస్ 2022లో మళ్ళీ ట్యూడర్ కిరీటాన్నే ఎంచుకున్నాడు. ఇక మీద రాజు కిరీటం కనిపించినంత మాత్రాన పాతది కాదు, కింద రాజు పేరు గుర్తు ఉంటే దాన్నీ చదవాలి. మూడోది స్కాట్లాండ్. అక్కడ మొదటి ఎలిజబెత్ రాణి అంటూ ఎవరూ లేరు కాబట్టి 'రెండో ఎలిజబెత్' అన్న గుర్తును వాళ్ళు ఒప్పుకోలేదు. 1953లో ఎడిన్‌బరోలో ఆ గుర్తున్న పోస్టు డబ్బాను పేల్చేశారు కూడా. స్కాట్లాండ్ పోలీసు బ్యాడ్జి అని చెప్పి దాని మీద ఆ గుర్తు చూపిస్తే గట్టిగా అనుమానించండి.

గడ్డం పట్టీకి రెండు పక్కలా ఉండే చిన్న బొత్తాలను చాలామంది మర్చిపోతారు, నకిలీ చేసేవాళ్ళతో సహా. వాటి మీదా కిరీటం ఉంటుంది. బ్యాడ్జి మీద రాజు, బొత్తాల మీద రాణి ఉంటే ఏం జరిగిందో మీకే తెలుస్తుంది.

7. లోహం, వెనకవైపు, బలగం పేరు

అచ్చు కొట్టిన బ్యాడ్జి వెనక, ముందున్న బొమ్మ గుంటలుగా ప్రతిబింబిస్తుంది, అంచులు పదునుగా ఉంటాయి. పోత పోసినదైతే వెనక చదునుగా, సన్నటి గుంటలతో, ముందున్న అక్షరాలు సబ్బు మీద చెక్కినట్టు మెత్తగా ఉంటాయి. అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుము, పాత ఇత్తడి బ్యాడ్జి అంటుకోదు. ఈ పరీక్ష బ్యాడ్జిని టోపీ నుంచి తీశాకే చేయండి. టోపీ ఆకారం నిలబడటానికి లోపల ఉక్కు తీగ ఉండొచ్చు, అది అయస్కాంతాన్ని లాగితే మీరు అనవసరంగా టెన్షన్ పడతారు. తేలిగ్గా ఉండే అల్యూమినియం బ్యాడ్జీలు బ్రిటిష్ యూనిఫారాల్లో విస్తరించింది 1950లలో. రాజు కిరీటంతో అల్యూమినియం బ్యాడ్జి అంటే చాలా అరుదు, లేదా అబద్ధం.

తయారీదారు ముద్ర వెనక ఉంది కదా అని మురిసిపోకండి. పాత అచ్చులు చేతులు మారి, వాటితోనే సేకరించేవాళ్ళ కోసం కొత్తగా కొట్టినవి బజారులో బోలెడు. అచ్చు అసలుదే, పేరూ అసలుదే, వస్తువు మాత్రం నిన్నటిది. అలాంటిదాన్ని పట్టించేది కొక్కేల మొదట్లో టంకం రంగు, చిలుము సహజంగా మూలల్లో చేరిందా లేదా అన్నవే.

బలగం పేరు ఒక పెద్ద వరం. 1964 పోలీసు చట్టం తర్వాత, 1966లో ప్రకటించిన విలీనాలతో ఇంగ్లండ్, వేల్స్‌లోని 117 బలగాలు 49కి తగ్గాయి. 1974లో మరికొన్ని కలిసిపోయాయి, బర్మింగ్‌హామ్ సిటీ పోలీసు అప్పుడే వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో కలిసింది. గ్లాస్గో పోలీసు 1975లో స్ట్రాత్‌క్లైడ్ అయింది. ఉత్తర ఐర్లండ్ పోలీసు బలగమైన రాయల్ అల్‌స్టర్ కాన్‌స్టబ్యులరీ 2001 నవంబరులో పేరు మార్చుకుంది. బలగం పుట్టిన, పోయిన ఏళ్ళను నోటుబుక్కులో టోపీ వయసు పక్కన రాసి చూడండి. మాయమైపోయిన చిన్న బరోల బ్యాడ్జీలకే ధర ఎక్కువ, కాబట్టి నకిలీలూ వాటికే ఎక్కువ.

పొడుగు హెల్మెట్ అయితే

లండన్ పోలీసులు 1863లో పట్టణపు పెద్దమనుషుల టాప్ హ్యాట్ వదిలి హెల్మెట్ మొదలుపెట్టారు. దానికి ఇవే మెట్లు, కొన్ని తేడాలతో. లోపలి గుల్ల బెండుతో చేసినది, వేలితో తడితే మెత్తటి చప్పుడు వస్తుంది. టూరిస్టులకు అమ్మే ప్లాస్టిక్ టోపీ డబ్బాలా మోగుతుంది. లండన్‌లో ఎక్కువ భాగాన్ని చూసే మెట్రోపాలిటన్ పోలీసు హెల్మెట్ పైన గులాబీ ఆకారపు లోహపు మొగ్గ, సిటీ ఆఫ్ లండన్ హెల్మెట్ మీద ముందు నుంచి వెనక్కి కోడిజుట్టులా శిఖ. సిటీ బ్యాడ్జిలో చాలా బలగాల బ్యాడ్జీల మీద కనిపించే ఎనిమిది మూలల బ్రన్స్విక్ నక్షత్రం ఉండదు, నగరపు చిహ్నం ఉంటుంది. నల్లటి బ్యాడ్జి కనిపిస్తే రంగు వేశారనుకోవద్దు, రాత్రి డ్యూటీకి అలాంటివే వాడేవారు.

8. అడగాల్సిన చోటు అడగండి

లోపల సిరాతో నంబరో పేరో రాసి ఉంటే అది బంగారం. లండన్ మెట్రోపాలిటన్ పోలీసుల పాత సర్వీసు రికార్డులు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. బర్మింగ్‌హామ్‌లో స్టీల్‌హౌస్ లేన్ పాత లాకప్‌లో వెస్ట్ మిడ్‌లాండ్స్ పోలీసు మ్యూజియం ఉంది. గ్లాస్గోలో, మాంచెస్టర్‌లో, రెడింగ్ దగ్గరి సల్హమ్‌స్టెడ్‌లో కూడా పోలీసు మ్యూజియాలున్నాయి. ఫోటోలు పంపి మర్యాదగా ఒక్క ప్రశ్న అడిగితే జవాబు వస్తుంది. 'ఇది ఎంత ధర పలుకుతుంది' అని మాత్రం అడక్కండి, వాళ్ళకు నచ్చని ప్రశ్న అదొక్కటే.

9. రసీదు

ఇది అసలు నకిలీ సంగతి కాదు గానీ చెప్పకపోతే తప్పవుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 1996 పోలీసు చట్టం 90వ సెక్షన్ ప్రకారం, పోలీసు కాని మనిషి దగ్గర పోలీసు యూనిఫారం వస్తువు ఉంటే, చట్టబద్ధంగా సంపాదించానని, చట్టబద్ధమైన పనికే ఉంచుకున్నానని నిరూపించుకునే బాధ్యత అతనిదే. అందుకే కార్ బూట్ సేల్‌లో కొన్నా సరే, ఒక చీటీ మీద తేదీ, ధర, వస్తువు పేరు రాయించి సంతకం తీసుకోండి. ఇండియాలో ఉంచుకున్నా, మోసపు ఉద్దేశంతో ప్రభుత్వోద్యోగి వేషం వేయడం భారతీయ న్యాయ సంహిత 205వ సెక్షన్ కింద నేరం. అలమరాలో పెట్టుకోవడం వేరు, పెట్టుకుని రోడ్డెక్కడం వేరు.

నా రెడింగ్ టోపీ మాట. బ్యాడ్జి ఊడదీస్తే కింద బట్ట మీద పెద్ద నక్షత్రపు నీడ, నాలుగు చిల్లులు. బ్యాడ్జి వెనక గుంటలు, మూలల్లో చిలుము, కొక్కేల దగ్గర పాత టంకం, అన్నీ సవ్యంగా ఉన్నాయి. బ్యాడ్జి నిజమే, టోపీ వేరే ఎవరిదో. బ్యాడ్జిని ఇప్పుడు చిన్న పెట్టెలో విడిగా పెట్టాను. దాని పక్కన కార్డు మీద 'టోపీ లేదు' అని రాసి ఉంది. టోపీ మాత్రం మా తెలుగు సంఘం ఉగాది నాటికలో కానిస్టేబుల్ పాత్రకు వెళ్ళింది, రసీదు కాపీతో సహా.